సెయింట్ సింఫోరియన్ సైనిక సమాధులు: ఒక రికార్డ్ ఆఫీస్ క్లర్కు చూసి వచ్చిన సంగతులు

ఈ వేసవిలో నేనూ మా ఆవిడా బ్రస్సెల్స్‌లో మా అబ్బాయి దగ్గర మూడు నెలలు ఉండి వచ్చాం. చాక్లెట్ దుకాణాలు, రాజుగారి కోట, గ్రాండ్ ప్లేస్ అన్నీ తిప్పారు. వాటి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాయదలచుకున్నది బెల్జియంలోనే మోన్స్ ఊరి పక్కనున్న సెయింట్ సింఫోరియన్ సైనిక సమాధుల గురించి, వాటిని చూసుకుంటున్న కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ చేసే పని గురించి. జూలైలో ఒకసారి వెళ్లాను, ఉండబట్టలేక ఆగస్టులో మళ్లీ వెళ్లాను.

నేనెవరో ముందు చెప్తే, నేను దేన్ని బట్టి మార్కులు వేస్తున్నానో మీకు అర్థమవుతుంది. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. మిలిటరీ మాధవరం మాకు పొరుగూరు. ఆ ఊళ్లో సైన్యంలోకి వెళ్లని ఇల్లు వెతికినా కనపడదు, మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. ఆ గాలి మా ఊరికీ తగిలింది, నేనూ భర్తీ అయ్యాను. ఇరవై నాలుగేళ్ల సర్వీసు క్లర్కుగా చేశాను, అందులో చాలా ఏళ్లు రికార్డ్ ఆఫీసులో. జవాను పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరు, పోస్టాఫీసు, దగ్గరి బంధువు ఎవరు అన్నవి షీట్ రోల్‌లో ఎక్కించడమే మా పని. అందులో ఒక్క అక్షరం తేడా పడితే పదేళ్ల తర్వాత ఎక్కడో ఒక వితంతువు పెన్షన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. అందుకే సమాధి రాయి ముందు నిలబడినా నా కళ్లు ముందు అక్షరాలనూ అంకెలనూ సరిచూస్తాయి. అలవాటైపోయింది.

వెళ్లే దారి గురించి రెండు ముక్కలు. బ్రస్సెల్స్ నుంచి మోన్స్‌కు రైల్లో గంట లోపు పడుతుంది. డచ్చి మాట్లాడే ప్రాంతంలో బోర్డుల మీద మోన్స్‌ను బెర్గెన్ అని రాస్తారు. ఈ సంగతి తెలియక మొదటిసారి మేం కారులో ఒక మలుపు దాటిపోయి వెనక్కి రావాల్సి వచ్చింది. సమాధుల తోట ఊరికి తూర్పున కొద్ది దూరంలోనే ఉంది. టికెట్ లేదు. దుకాణాల కోసం చూడకండి, నీళ్ల సీసా ఇంటి దగ్గరే నింపుకోండి. లోపల నేల ఎత్తుపల్లాలుగా ఉంటుంది, మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చేతికర్ర తీసుకెళ్లండి. మా ఆవిడ కిందనే బెంచీ మీద కూర్చుండిపోయింది.

సైనిక సమాధులంటే సాధారణంగా చదునైన పచ్చిక మీద కొలబద్ద పెట్టి గీసినట్టు తెల్లరాళ్ల వరసలు ఉంటాయి. ఇది అలా ఉండదు. ఇది అడవి లాంటి తోట. చెట్ల మధ్య గుట్ట, గుట్ట చుట్టూ అక్కడో గుంపు ఇక్కడో గుంపు సమాధులు. ఎందుకంటే దీన్ని మొదలుపెట్టింది జర్మన్లు. 1914 ఆగస్టు 23న మోన్స్ కాలువ దగ్గర యుద్ధం జరిగింది. ఆ తర్వాత తమవాళ్లనూ శత్రువులనూ ఒకే చోట పూడ్చడానికి జర్మన్ సైన్యం స్థలం వెతికింది. జాన్ హుజో ద లెహే అనే స్థానికుడు తన భూమి ఇచ్చాడు. రెండు వైపుల చనిపోయినవాళ్లకూ ఒకే గౌరవం జరగాలని షరతు పెట్టాడంటారు. ఇప్పుడు అక్కడ 284 మంది జర్మన్లు, 229 మంది బ్రిటిష్, కామన్వెల్త్ సైనికులు ఉన్నారు. మిడిల్‌సెక్స్ రెజిమెంటు వాళ్ల సమాధులు ఒకచోట గుండ్రంగా ఉంటాయి, మధ్యలో జర్మన్లు నిలబెట్టిన స్తంభం. దాని మీద రెజిమెంటు పేరుకు ముందు ‘రాయల్’ అని చెక్కారు. మిడిల్‌సెక్స్ రెజిమెంటుకు ఆ బిరుదు ఎప్పుడూ లేదు. తమ మీద తూటాలు కురిపించిన శత్రువు అంత బాగా పోరాడాడు కాబట్టి రాచ రెజిమెంటే అయ్యుంటుందని జర్మన్లు అనుకున్నారేమో. ఎన్నో ఏళ్లు ఇతరుల రికార్డుల్లో తప్పులు దిద్దినవాణ్ని, ఆ ఒక్క తప్పు మాత్రం దిద్దకుండా ఉంచినందుకు చేతులెత్తి దండం పెట్టాను.

నేను వెళ్లింది జాన్ పార్ కోసం.

మొదటి ప్రపంచ యుద్ధంలో పోరు జరిగే చోట చనిపోయిన మొట్టమొదటి బ్రిటిష్ సైనికుడిగా అతన్ని చెప్పుకుంటారు. ఉత్తర లండన్‌లో ఫించ్లీ ప్రాంతం. తండ్రి ఎడ్వర్డ్ పాలు పోసేవాడు. తల్లి ఆలిస్. పదకొండుమంది పిల్లల్లో ఇతను ఆఖరివాడు, వాళ్లలో చాలామంది నాలుగేళ్లు నిండకుండానే పోయారు. బడి మానేశాక కొన్నాళ్లు మాంసం కొట్టులో పనికుర్రాడు, తర్వాత గోల్ఫ్ మైదానంలో దొరల సంచీ మోసే పని. సైన్యంలో చేరితే రెండు పూటలా తిండి దొరుకుతుంది, నాలుగు దేశాలు చూడొచ్చు. మా మాధవరం కుర్రాళ్లను పంపిందీ సరిగ్గా ఇలాంటి లెక్కలే. 1912లో మిడిల్‌సెక్స్ రెజిమెంటు 4వ బెటాలియన్‌లో చేరాడు. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. వయసు అడిగితే పద్దెనిమిదేళ్ల ఒక నెల అని చెప్పాడు.

ఆ ‘ఒక నెల’ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పద్దెనిమిది అని ఊరికే అంటే అనుమానం వస్తుంది. పైన ఒక నెల కలిపితే లెక్క నిజంలా వినపడుతుంది. అబద్ధాన్ని అంత జాగ్రత్తగా కొలిచి చెప్పిన పిల్లవాడికి అప్పటికి ఇంకా మీసం కూడా వచ్చి ఉండదు. మా తరం పల్లెటూరి మగపిల్లల సర్టిఫికెట్లు తీసి చూడండి, సగం మందికి పుట్టినరోజు జూలై 1. బళ్లో వేసేటప్పుడు హెడ్‌మాస్టారు వేసిన తేదీ అది. నాదీ అంతే. మా అమ్మ లెక్క ప్రకారం నేను కార్తీకమాసంలో పుట్టాను. భర్తీ రోజున వరసలో నిలబడ్డప్పుడు నా కాగితం మీదున్న వయసుకూ నా వయసుకూ ఎనిమిది నెలలు తేడా. ఆ తేడా నాకు కీడు చేయలేదు. జాన్ పార్ సంగతి వేరు.

ఎందుకంటే బ్రిటిష్ సైన్యంలో చేరడానికి పద్దెనిమిదేళ్లు చాలు, సముద్రం దాటించి యుద్ధానికి పంపాలంటే మాత్రం పంతొమ్మిది నిండాలి. 1914 ఆగస్టులో కాగితం ప్రకారం అతనికి ఇరవై. అసలు వయసు పదిహేడు. నిజం రాసి ఉంటే ఆ ఓడ ఎక్కేవాడు కాదు.

అతని పని సైకిలు మీద ముందుకెళ్లి శత్రువు ఎక్కడున్నాడో చూసి వచ్చి చెప్పడం. ఆగస్టు 21న ఇంకో సైకిలు సైనికుడితో కలిసి మోన్స్‌కు ఈశాన్యంగా ఉన్న ఒబూర్ అనే పల్లె వైపు వెళ్లాడు. తోటివాడు తిరిగొచ్చాడు, ఇతను రాలేదు. జర్మన్ గుర్రపు దళం ఎదురైతే, తోటివాణ్ని కబురు చెప్పడానికి పంపి తాను నిలబడి కాల్పులు జరిపాడని ఒక కథనం. స్వపక్షం వాళ్లే పొరపాటున కాల్చారని ఇంకో వాదన. 23నాటి పెద్ద యుద్ధంలోనే పోయి ఉండవచ్చని మరొకటి. యూరప్ నేల మీద బ్రిటిష్ సైన్యం మొదటి తూటా పేల్చింది ఆగస్టు 22 ఉదయం, కాస్తో అనే ఊరి దగ్గర, రాయల్ ఐరిష్ డ్రాగూన్ గార్డ్స్ గుర్రపు దళం వాళ్లు. రాయి మీద తేదీ దానికి ముందు రోజుది. రికార్డులు చూసేవాడెవడికైనా ఇక్కడ పెన్ను ఆగుతుంది.

నేను వెళ్లిన రోజున ఒక టూర్ కంపెనీ గైడు పది పదిహేనుమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. గుర్రపు దళం కథను తాను చూసినట్టు చెప్పాడు. ఎదురుగా ఉన్న సమాధిని చూపించి, మొదటివాణ్నీ చివరివాణ్నీ కావాలనే ఎదురెదురుగా పడుకోబెట్టారన్నాడు. ఏడు నిమిషాల్లో అందరినీ బస్సెక్కించాడు. కంపెనీ పేరు రాయను. ఎవరినీ వెంట తీసుకెళ్లకుండా, ముందు రోజు రాత్రి కాస్త చదువుకుని వెళ్లమని మాత్రం చెప్తాను.

ఆ ఎదుటి సమాధి జార్జ్ ఎడ్విన్ ఎల్లిసన్‌ది. లీడ్స్ ఊరివాడు. పాత సైనికుడే, పెళ్లి నాటికే సైన్యం వదిలి బొగ్గుగనిలో పనిచేశాడు. యుద్ధం రాగానే మళ్లీ పిలిచారు. 1914లో మోన్స్ దగ్గర మొదలుపెట్టి ఈప్ర్, లోస్, కాంబ్రే యుద్ధాలన్నీ దాటి, నాలుగేళ్లకు మళ్లీ అదే మోన్స్ పొలిమేరకు వచ్చి, 1918 నవంబర్ 11 ఉదయం తొమ్మిదిన్నరకు పోయాడు. పదకొండింటికి యుద్ధం ఆగింది. కొడుక్కి అయిదేళ్లు నిండడానికి ఇంకా కొద్ది రోజులుంది. ఈ ఇద్దర్నీ ఎదురెదురుగా పెట్టాలని ఎవరూ అనుకోలేదు. బ్రిటిష్‌వాళ్లకు యుద్ధం మొదలైన చోటే ముగిసింది కాబట్టి అలా కుదిరింది. అలా కుదిరిందని తెలుసుకుని నిలబడితేనే గుండె ఎక్కువ బరువెక్కుతుంది. 10:58కి పోయిన కెనడా సైనికుడు జార్జ్ ప్రైస్ కూడా ఇక్కడే ఉన్నాడు. నీమీ రైలు వంతెన మీద మెషీన్ గన్ దగ్గర గాయాల మీద గాయాలు తిని పోయిన, ఆ యుద్ధంలో మొదటి విక్టోరియా క్రాస్ (బ్రిటన్‌లో అన్నిటికంటే పెద్ద శౌర్య పతకం) పొందిన లెఫ్టినెంట్ మారిస్ డీజ్ కూడా. అతనికి 24 ఏళ్లు.

పార్ తల్లి విషయం చెప్పాలి. ఆగస్టు 23 తర్వాత బ్రిటిష్ సైన్యం వెనక్కి తగ్గింది. 4వ మిడిల్‌సెక్స్ ఒక్కటే ఆ రోజు నాలుగు వందలకు పైగా మనుషుల్ని పోగొట్టుకుంది. మోన్స్ నాలుగేళ్లు జర్మన్ల చేతిలోనే ఉండిపోయింది. ఎవరు చచ్చారో, ఎవరు పట్టుబడ్డారో తేల్చే దారి లేదు. కొడుకు సంగతి చెప్పమని ఆలిస్ ఆ అక్టోబర్‌లో సైన్యానికి రాసింది. వాళ్ల దగ్గర జవాబు లేదు. అలాంటి ఉత్తరాలు నా బల్ల మీదకూ వచ్చాయి. ఎవరో పక్కింటి కుర్రాడి చేత రాయించిన ఇన్లాండ్ లెటర్లు, కింద వేలిముద్ర. ‘మా వాడు ఉత్తరం రాసి మూడు నెలలైంది బాబూ’ అని ఉంటుంది. జవాబు తెలిసినా రాయడం కష్టం. తెలియనప్పుడు ఇంకా కష్టం. ‘విచారిస్తున్నాం’ అని రాసి సంతకానికి పెట్టేవాణ్ని.

ఇప్పుడు వార్ గ్రేవ్స్ కమిషన్ పనితనం గురించి. 1917 మే 21న ఫేబియన్ వేర్ అనే ఆయన పట్టుదలతో మొదలైంది. 17 లక్షల మంది పేర్లు, 150కి పైగా దేశాలు. దొరబిడ్డ అయినా పాలవాడి కొడుకు అయినా రాయి ఒకటే కొలత. నేను టేపు పెట్టి చూశాను, వెడల్పు 38 సెంటీమీటర్లు. గోడలోని చిన్న అరలో కంచు తలుపు వెనక రిజిస్టరు ఉంటుంది. పక్కనే వచ్చినవాళ్లు సంతకం చేసే పుస్తకం. తలుపుకు తాళం లేదు. నిగనిగలాడుతోంది, కీలు చప్పుడు చేయలేదు. రాళ్ల మొదట్లో పూలమొక్కలు, ఒక్క కలుపు మొక్క లేదు. మట్టి చిందితే అక్షరాలు మాయకుండా మొక్కలు నాటుతారట, ఆ ఆలోచనకే నేను సలాం కొడతాను. జర్మన్ల సమాధులకూ అదే శ్రద్ధ. ఇంట్లో కూర్చుని వాళ్ల వెబ్‌సైటులో ‘పార్’ అని కొడితే చాలు, రెండు క్షణాల్లో నంబరు L/14196, రెజిమెంటు, తేదీ, సమాధి వరస అన్నీ వస్తాయి. పైసా అడగరు. ఆలిస్ ఉత్తరానికి జవాబు అంటే అదే. వందేళ్ల తర్వాత ఎవరికైనా, ఫించ్లీ ఎక్కడుందో తెలియని తాడేపల్లిగూడెం వాడికి కూడా, దొరుకుతోంది.

కానీ రాయి మీద వయసు 20 అని ఉంది.

దాన్ని మార్చాలా వద్దా అని మా అబ్బాయికీ నాకూ కారులో వాదన. తప్పు తెలిశాక దిద్దాలి కదా నాన్నగారూ అంటాడు వాడు. ఈప్ర్ దగ్గర ఎసెక్స్ ఫార్మ్ సమాధుల్లో వాలెంటైన్ స్ట్రడ్‌విక్ అనే కుర్రాడి రాయి మీద 15 అని నిజమే చెక్కారు, ఇక్కడెందుకు చెక్కరు అని. న్యాయమైన మాటే. నా మాట వేరు. 1912లో పద్దెనిమిదేళ్ల ఒక నెల అన్నాడు, దానికి రెండేళ్లు కలిపితే ఇరవై. ఆ అంకె సైన్యం కల్పించింది కాదు, ఆ పిల్లవాడు తన నోటితో చెప్పింది. రాయి మీద అతని మాట అలాగే ఉండాలి. పక్కన రిజిస్టరులో మాత్రం నిజం ఉండాలి: పదిహేడు అని, అబద్ధం చెప్పి చేరాడని, చేర్చుకున్నవాళ్లు అయిదడుగుల మూడంగుళాల ఆ కుర్రాణ్ని చూసి కూడా మారు ప్రశ్న వేయలేదని. ఆ యుద్ధంలో వయసు చాలకుండా వెళ్లిన బ్రిటిష్ పిల్లలు రెండున్నర లక్షల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. అంతమంది చెప్పిన అబద్ధాన్ని అటువైపు కూర్చున్నవాళ్లు గుర్తుపట్టలేదంటే నేను నమ్మను. భర్తీ బల్లకు అటువైపు నేనూ కూర్చున్నాను.

అయిదు నక్షత్రాలకు నాలుగే ఇస్తున్నాను. తగ్గించింది ఈ తోట వల్ల కాదు. అందరికీ ఒకే రాయి అన్న మాట అందరి విషయంలోనూ నిలబడలేదు. 2021లో ఆ సంస్థే కమిటీ వేసుకుని నివేదిక బయటపెట్టి క్షమాపణ చెప్పింది. ఆఫ్రికాలో, మధ్యప్రాచ్యంలో చనిపోయిన భారతీయులూ ఆఫ్రికన్లూ వేలల్లో, లక్షల్లో పేరు లేకుండా పోయారు. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద బ్రిటిష్ సిపాయి పేరు ఉంటుంది, భారత ఆఫీసరు పేరు ఉంటుంది. మన మామూలు జవానుకు మాత్రం రెజిమెంటు పేరు కింద ఇంతమంది అని అంకె ఉంటుంది. ఫించ్లీ పాలవాడి కొడుక్కి ఇచ్చిన పాటి అక్షరాలు వాళ్లకెందుకు ఇవ్వలేదు? తామే తవ్వి తామే ఒప్పుకున్నందుకు గౌరవిస్తాను. పేర్లు వెతికి చేర్చే పని జరుగుతోంది. అది పూర్తయ్యాక అయిదోది ఇస్తాను. అన్నిచోట్లా ఇలాగే జరిగిందని కూడా అనుకోకండి. ఇక్కడి నుంచి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, ఫ్రాన్స్‌లోని నువ్ షాపెల్‌లో 4,700కు పైగా భారత సైనికుల పేర్లు గుండ్రటి గోడ మీద చెక్కి ఉన్నాయి. మనవాళ్లు ఎవరు బెల్జియం వచ్చినా అదే ప్రయాణంలో అక్కడికీ వెళ్లి రండి.

ఆగస్టు మూడోవారంలో రెండోసారి మా మనవడు నాతో వస్తానన్నాడు. వాడికి పదిహేను. సైకిలు మీదే బడికి వెళ్తాడు. సైకిలుకు విడిగా టికెట్ తీసుకుంటే రైల్లో ఎక్కించనిస్తారు. ఒబూర్ స్టేషన్‌లో వాడు సైకిలుతో దిగాడు, నేను మోన్స్‌లో దిగి టాక్సీలో తోటకు వెళ్లాను. ఒబూర్ ప్లాట్‌ఫారం మీద పాత స్టేషన్ గోడ ఒక ముక్క మిగిల్చి ఫలకం పెట్టారు. తోటివాళ్లు వెనక్కి తగ్గేదాకా ఆ కప్పు మీంచి కాల్పులు జరుపుతూ ఉండిపోయిన పేరు తెలియని సైనికుడి గుర్తు అది. దాన్ని ఫోటో తీసుకుని, కాలువ దాటి, చెమటలు కక్కుతూ వచ్చాడు మావాడు. గేటు దగ్గర సైకిలు గోడకు చేరేసి లోపలికొచ్చాడు.

రాయి ముందు నిలబడి, ‘తాతయ్యా, ఇతను నాకంటే పొట్టి’ అన్నాడు. అవును, వాడు అయిదడుగుల ఏడు. ఆ రోజు ఎండెలా ఉంది, సైకిలు ఎంత బరువు, తుపాకీ వీపుకు కట్టుకునేవారా అని అడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను. తర్వాత కంచు తలుపు తెరిచి సంతకాల పుస్తకం తీశాం. నేను నా పేరు, ఊరు తెలుగులో రాశాను. ‘నీ కొడుకు కనిపించాడమ్మా’ అని ఆలిస్‌కు ఒక వాక్యం కూడా. మనవడు పెన్ను తీసుకుని పేరు రాశాడు, బ్రస్సెల్స్ అని రాశాడు. ఆ పుస్తకంలో వయసుకు గడి లేదు. వాడు పేరు పక్కనే ఖాళీలో 15 అని వేసి, దాని కింద గీత గీసి మూసేశాడు.